గులాబీకి అడ్డనార

మొన్న సంతలో అల్లం ఏరుకుంటున్నాను. గోనెపట్టా మీద కుప్పలు పోసుకుని కూర్చున్నావిడ నా మొహంలోకి చూసి, "నార సరిపోనాదా అమ్మా?" అంది.

పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. మా ఇంటి గోడ మీది గులాబీ తీగకి కట్లు కట్టే ముసలాయన కోడలు. ఈ మధ్య ఆయన్ని మా వీధి మొదట్లో దింపి, మళ్ళీ సాయంత్రం తీసుకుపోయిన మనిషి.

"ఏం నార?" అన్నాను.

"మా మావ నీకిచ్చీసి వచ్చినాడు కదేటి, అడ్డనార. నీ పువ్వుల తీగకి. సరిపోనాదా అని."

అడ్డాకుల విస్తర్లు అందరికీ తెలుసు. ఆ అడ్డతీగ బెరడు ఒలిచి, నానబెట్టి, చీలికలు తీస్తే వచ్చేదే అడ్డనార. ఆయన చివరిసారి వచ్చినప్పుడు వదిలేసిపోయిన కట్ట మా గోడ మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని వెనక్కి అడుగుతోంది కాబోలు అనుకున్నాను. "భద్రంగానే ఉందిలే, ఎక్కడికీ పోలేదు. ఇంతకీ ఆయనేడీ? వచ్చే సంతకి వస్తానన్నవాడు నాలుగు సంతలు ఎగ్గొట్టాడు. అక్కడ కొమ్మ ముదిరిపోతోంది. ఎప్పుడొస్తాడట?" అని గట్టిగానే వేసుకున్నాను.

ఆవిడ ఒక అల్లం కొమ్ము మీది మట్టిని బొటనవేలితో రుద్ది, "పోనాడమ్మా. నీ కాడికొచ్చి ఎల్లిన మూడో దినం," అంది.

మనిషన్నాక "అయ్యో" అనాలి కదా. నోరు తెరిస్తే, "కుళ్ళినవి వెయ్యకు" అని వచ్చింది. ఆవిడ కుళ్ళినవి వెయ్యలేదు. పైగా రెండు కొమ్ములు కొసరు వేసింది. నేను సంచీ పట్టుకుని ఇంటికొచ్చి, అల్లం కడిగి, ఎండలో పెట్టి, టీ కాచుకున్నాను. ఆ అల్లమే దంచి వేసుకున్నాను. టీ బాగుంది కూడా.

నేనింతే. కొత్తేం కాదు. నా సంగతి పక్కన పెట్టి ఆయన గురించి చెబుతాను. పేరు తెలుసు గానీ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఏ రోజూ ఇటు తిరిగినవాడు కాదు. "ఓయ్ తాతా" అన్నా అంతే. నిచ్చెన మీద ఒక్కసారి తడితే మాత్రం కిందికి చూసేవాడు.

మేం విజయనగరం వైపు నుంచి అరకు వచ్చి స్థిరపడ్డవాళ్ళం. కింద ఇనప సామాన్ల కొట్టు, పైన మేం, వెనకవైపు టూరిస్టులకి ఇచ్చే నాలుగు గదులు. మా ఆయన ఒకసారి అనంతగిరి నుంచి వస్తూ ఎవరి బంగళా దగ్గరో అడిగి జానెడు గులాబీ పుల్ల తెచ్చాడు. రోడ్డు వైపు గోడ మొదట్లో గుచ్చి, మట్టి చేత్తో నొక్కి, "చూస్తూ ఉండు, మన గోడంతా పూలే" అన్నాడు. ఆయన మాటలు అన్నీ అలాగే ఉండేవి, నేను వినీ విననట్టు ఉండేదాన్ని. అది నిజంగానే తీగై, రెండేళ్ళలో గోడ దాటి రోడ్డు మీదికి ఒరిగింది. వచ్చేపోయేవాళ్ళ చొక్కాలు చిరిగి తిట్లు మొదలయ్యాయి.

అప్పుడు దొరికాడు ఈయన. డుంబ్రిగుడ దాటి కొండ మీద ఎక్కడో ఊరు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు ఎక్కించడంలో దిట్ట అని ఎవరో చెప్పారు. తీగ ఏదైతేనేం, ఎక్కించేవాడు ఎక్కిస్తాడు అని మా ఆయన పిలిపించాడు. మేకులు కొట్టడం అయ్యాక, మా ఆయన కొట్లోంచి బైండింగ్ వైరు చుట్ట ఒకటి తెచ్చి, "ఇదిగో, దీంతో కట్టు. ఊరికే ఇస్తున్నాను," అన్నాడు.

ఈయన ఆ వైరు చుట్ట చేతిలోకి తీసుకుని, కొంచెం వైరు సాగదీసి, తన మణికట్టు చుట్టూ మెలిపెట్టి చూసుకున్నాడు. విప్పేసి తిరిగిచ్చేశాడు.

"ఇది కుల్లదు," అన్నాడు.

"కుళ్ళదనే కదయ్యా ఇస్తున్నాను!"

"కుల్లాల. అప్పటికి తీగే పట్టుకుంటాది."

మా బజారులో ఊరికే ఇచ్చినదాన్ని వద్దన్న మనిషిని మా ఆయన అంతకుముందు చూడలేదు. నెల్లాళ్ళు వచ్చిన ప్రతి బేరానికీ ఈ కథ చెప్పి నవ్వాడు.

మిరియం తీగ సంగతి మాకప్పుడు తెలియదు. దాన్ని చెట్టుకి నారతో వదులుగా కడతారు. వానలకి ఆ నార కుళ్ళి ఊడిపోయే వేళకి, తీగ కణుపుకి కణుపుకీ వేర్లు పుట్టి బెరడుని కరుచుకుంటుంది. ఇంక కట్టు అక్కర్లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన చూసిన తీగ అదొక్కటే. గులాబీ కూడా అంతే అనుకున్నాడు. అడ్డనారతో ముచ్చటగా కట్టి, "ఒక్క వానకాలం ఆగు," అని వెళ్ళిపోయాడు.

ఒక్క వానకాలం ఆగాం. నార కుళ్ళింది. ఒకరోజు పొద్దున్నే తీగ తీగంతా, మొగ్గలతో సహా, గోడ వదిలి రోడ్డు మీదికి దభీమని పడింది. కూరల జీపు ఒకటి అటు పోలేక ఇటు రాలేక హారన్ కొడుతూ నిలబడింది. వీధి వీధంతా చేరింది. సంతకొచ్చిన ఆయనా వచ్చి చూశాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు, నేను అరుస్తున్నాను. ఆయన ఈ రెండూ పట్టించుకోకుండా గొంతుక్కూచుని కాడని కణుపు కణుపూ తడిమాడు. ఎక్కడా ఒక్క వేరు లేదు.

"దీనికి పట్టుకునే బుద్ది నేదు," అన్నాడు మా ఆయనతో. కోపంగా కాదు. ఇంటికొచ్చిన అల్లుడికి సరిగ్గా వినపడదని తెలిసినప్పుడు అనుకుంటామే, అలా. "ఏటా మనమే కట్టాల."

అంతే. అప్పుడైనా వైరు తీసుకుంటాడేమో అనుకున్నాం. తీసుకోలేదు. వానలు వెనకపట్టాక ఏటా వచ్చి కుళ్ళిన నార తీసేసి, ఎండు కొమ్మలు కోసేసి, ఉన్నవాటిని మళ్ళీ మొదట్నుంచీ కట్టేవాడు.

పని చేసేటప్పుడు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. మా వైపు ముసలమ్మలు కూడా అలాగే కాలుస్తారు, నాకది వింత కాదు. గదుల్లో దిగిన హైదరాబాదు పిల్లలు మాత్రం, "ఆంటీ, ఆయన నోట్లో నిప్పు!" అని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఎవరో టూరిస్టావిడ వదిలేసిపోయిన స్వెట్టర్ ఒకటి నేనే ఇచ్చాను. ముత్యాల్లాంటి గుండీలున్న ఆడవాళ్ళ స్వెట్టర్. ఆ గుండీలు మెడ దాకా పెట్టుకుని, నోట్లో నిప్పుతో, నిచ్చెన మీద నిలబడితే ఫోటోలు తీసేవాళ్ళు. ఫోన్ పైకి లేచిందంటే చాలు, ఆయన గోడ వైపు తిరిగేవాడు. వాళ్ళకి వీపే దక్కేది. "తాతా, ఇదేం రకం గులాబీ?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "మిరియం కాదు. అంతే నాకు తెలుసు."

పువ్వుని వాసన చూడగా నేను చూడలేదు. "బాగుందమ్మా" అన్నదీ లేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఇన్నేళ్ళుగా కడుతున్నావు, ఒక్క పువ్వు ఇంటికి పట్టుకెళ్ళవేం?" అన్నాను. "ఏటి సేత్తాను? కూర్లో ఏత్తామా?" అన్నాడు.

నన్ను 'నువ్వు' అనేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మా కొట్టుకి వచ్చిన తాసిల్దారుని కూడా "నువ్వు కాస్త పక్కకి జరుగు, నిచ్చెన ఎయ్యాల," అన్నాక నా మంట చల్లారింది. కొండ మీద వాళ్ళకి మనిషికో మాట ఉండదు, అందరికీ ఒకటే.

ఇక కట్టు సంగతి. కొమ్మని నిటారుగా పోనిచ్చేవాడు కాదు. నిలబడ్డ కొమ్మ కొసన ఒక్కటే పూస్తుందనీ, పడుకోబెడితే కణుపు కణుపునా పూస్తుందనీ ఆయన ఎలా కనిపెట్టాడో నాకు తెలియదు. కానీ ఒక్కసారిగా పడుకోబెట్టడు. సంతకి వచ్చిన రోజు కొంచెం వంచి ఒక మేకుకి కట్టి వెళ్ళిపోతాడు. మళ్ళీ సంతకి ఇంకొంచెం. "సంతకో మెట్టు" అనేవాడు. నాలుగు సంతలకి కొమ్మ గోడ పొడుగునా పడుకునేది. నారని ముందు మేకుకి చుట్టి, మధ్యలో ఒక అడ్డం మెలి తిప్పి, అప్పుడు కొమ్మకి చుట్టేవాడు. ముడి వేశాక తన చూపుడువేలు కట్టులోకి దూర్చి చూసేవాడు. దూరకపోతే విప్పి మళ్ళీ కట్టేవాడు. "ఏలు దూరాల. రేపు లావవుతాది కదేటి." పని అయ్యాక మిగిలిన నార పోగు పోగూ ఏరుకుని మొలకి చుట్టుకుని పోయేవాడు. మా వాకిట్లో చీలిక ఒకటి కూడా వదిలేవాడు కాదు. అడవిలోంచి తెచ్చింది, ఊరికే వస్తుందా అనేవాడు.

ఇదంతా నేను దూరం నుంచి చూసిందే. నిచ్చెన కింద నిలబడి కొమ్మ పట్టుకునే పని మా ఆయనది. కొట్లో బేరం ఉన్నా వదిలేసి వచ్చి పట్టుకునేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు.

మా ఆయన విశాఖపట్నం ఆసుపత్రిలో పోయాడు. పన్నెండు రోజులూ ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. అందరూ ఏడ్చారు, నేను తప్ప. రాత్రికి ఎన్ని చాపలు కావాలి, పాలు ఎన్ని పాకెట్లు చెప్పాలి అని ఆలోచించాను. మా ఆడపడుచు నా రెండు భుజాలూ పట్టుకుని, "ఏడువే, ఒక్కసారి ఏడిసీ! లేపోతే గుండె పగిలిపోద్ది," అని కుదిపింది. నా గుండె పగల్లేదు. ఏడుపు ఎక్కడుందో వెతుక్కున్నాను, దొరకలేదు. "రాయి," అని వంటింట్లో ఎవరో అనడం విన్నాను. నిజమే కదా అనిపించింది, కోపం కూడా రాలేదు.

అందరూ వెళ్ళిపోయిన మర్నాడు సంత. ఈయన వచ్చాడు. కొట్టు మూసి ఉండటం చూశాడు. నా నుదురు చూశాడు. పరామర్శ చేస్తాడేమో, మళ్ళీ మొదలు అనుకున్నాను. నిచ్చెన తెచ్చి గోడకి వేసుకున్నాడు. నాలుగు మెట్లు ఎక్కి, కిందికి చూసి, "నువ్వు పట్టుకో," అన్నాడు.

వెళ్ళి పట్టుకున్నాను. మా ఆయన పట్టుకునే కొమ్మ. ఆ పొద్దంతా ఆయన కడుతూనే ఉన్నాడు, నేను పట్టుకునే ఉన్నాను. ఎంతసేపటికో ఆయన గబగబా దిగొచ్చి నా పిడికిలి విప్పాడు. అరచేతిలో ముళ్ళు దిగి, రక్తం మోచేతి దాకా కారి, జాకెట్ చెయ్యి తడిసిపోయింది. నేను చూసుకోలేదు. గోడ మొదట్లో మొలిచిన గాయపాకు నాలుగు ఆకులు తుంపి, నలిపి, ఆ పసరు పిండాడు.

"నొప్పి నేదా?"

"లేదు."

నన్ను తేరిపార చూశాడు. ఆడపడుచులా చూడలేదు. వంచిన కొమ్మని చూసినట్టే చూశాడు. "తరవాత వత్తాది," అన్నాడు. "కంగారేటి?"

మళ్ళీ నిచ్చెన ఎక్కి, ఇంకో కొమ్మ అందించాడు. ఈసారి ముళ్ళు లేనిచోట ఎక్కడ పట్టుకోవాలో వేలితో చూపించాడు.

ఆ నొప్పి ఆ వారమూ రాలేదు, ఆ నెలా రాలేదు. అరచెయ్యి మానిపోయింది.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. దాచుకునే వయసు కాదు.

కొట్టు సెల్‌ఫోన్ల వాళ్ళకి అద్దెకిచ్చేశాం. గదుల పని చూడటానికి మా తమ్ముడు విజయనగరం నుంచి వచ్చాడు. వాడికన్నీ కొత్త ఆలోచనలు. గోడకి ఇనప జాలీ బిగించి, దాని ముందు బెంచీ వేస్తే జనం ఫోటోలకి ఎగబడతారన్నాడు. "ఏటక్కా ఈ నార? ఏటా పీకడం, ఏటా కట్టడం! ప్లాస్టిక్ టాగులు కొడితే పదేళ్ళు చూడక్కర్లేదు," అని, కరెంటు వైర్లని బిగించే నల్ల టాగులు ఒక పాకెట్ తెచ్చి నా ముందు పడేశాడు. నాకూ బాగానే ఉందనిపించింది. ఏటా ఆ కొమ్మ పట్టుకుని నిలబడటం నాకు ఇష్టం లేకపోయింది. అది వాడితో అనలేదు.

ఆయన ఆ ఏడు వచ్చి కడుతున్నాడు. కింద నిలబడి అన్నాను: "కుళ్ళిపోతుందని తెలిసీ నారే కడతావు. తాడు కుళ్ళితేనే కదా నీ పని కుళ్ళకుండా ఉంటుంది!"

తమ్ముడు కిసుక్కున నవ్వాడు. నేనూ నవ్వాను, నా మాట నాకే తెలివిగా తోచి. ఆయన చెయ్యి ఆగింది. చుట్ట నోట్లోంచి తీశాడు. ఆ మాటని నిజంగానే ఆలోచించాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"అదీ నిజమే," అన్నాడు.

సగంలో దిగిపోతాడేమో అనుకున్నాను. దిగలేదు. గోడ చివరి మేకు దాకా కట్టాడు. ప్రతి కట్టులోనూ వేలు పెట్టి చూశాడు. కింద రాలిన ముళ్ళు ఊడ్చాడు. మిగిలిన నార మొలకి చుట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు రాలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

నార కుళ్ళినచోటల్లా తమ్ముడు బిగించిన టాగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. కర్రుమని లాగితే బిగిసిపోతాయి, వానకి చెక్కుచెదరవు. తమ్ముడు చెప్పినట్టే గోడ వైపు చూసే పని లేకుండా పోయింది. చూడలేదు. రెండు వానాకాలాలు చూడలేదు. మూడో ఏడు ఆకులు పచ్చబడి, మొగ్గలు విప్పుకోకుండానే మాడిపోతుంటే అప్పుడు దగ్గరికి వెళ్ళాను. కాడ లావెక్కింది. టాగు లావెక్కదు కదా. అది బెరడు కోసుకుని లోపలికి దిగిపోయింది. దాని పైన వాచి, కింద సన్నబడి, పెద్ద కాడలు మూడూ ఎండుతున్నాయి. తమ్ముడు చూసి, "పోతే పోయిందిలే అక్కా. సూరత్ నుంచి ప్లాస్టిక్ పూలు తెప్పిద్దాం, అసలు తేడా తెలీదు," అన్నాడు.

వాడికి తెలియంది ఒకటి ఉంది. మా ఆయన చేత్తో చేసింది ఇంకేమీ మిగల్లేదు. కొట్టు పోయింది, త్రాసు పోయింది, బట్టలు నేనే ఇచ్చేశాను. ఆయన మట్టి నొక్కి నిలబెట్టింది ఇదొక్కటే. ఆయన కోసం ఒక్క చుక్క కార్చలేకపోయాను, కనీసం ఇదైనా నా చేతుల్లో చావకూడదు అనుకున్నాను. చంపుతున్నది నేనేనని అప్పుడే తెలిసింది.

సంతకి వెళ్ళాను. కోడలి పక్కన, అల్లం కుప్పల వెనక కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. అదే స్వెట్టర్. ఏ మొహంతో అడగాలో తెలియక, ఎదురుగా నిలబడి, "తీగ ఎండిపోతోంది," అన్నాను.

"ఏటి కట్టినావు?"

చెప్పాను.

తిడతాడనుకున్నాను. కోడలు వద్దన్నట్టు ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయాసంతో రొప్పుతున్నాడు, కూర్చునే. "వచ్చే సంతకి వత్తాను," అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. వీధి మొదటి నుంచి మా గోడ దాకా మూడుచోట్ల కూర్చున్నాడు. నిచ్చెన ఎక్కలేదు, నేనే ఎక్కి పై కొమ్మలు వదిలించాను. ఆయన కింద కూర్చుని, చిన్న కత్తితో ఒక్కో టాగునీ కోసి, బెరడులోంచి పురుగుని తీసినట్టు లాగి పక్కన పెట్టాడు. ఒకటి నా చేతికిచ్చాడు.

"సూడు, కొత్తదిలాగే ఉంది," అన్నాడు. "కుల్లకపోతే ఎవులు తిరిగి సూత్తారు?"

నేను ఆ రోజు అన్న మాటకి అది జవాబా? అలా అనిపించి, "అప్పుడేదో నోరు జారాను," అని మొదలుపెట్టాను. "ఏటన్నావు?" అన్నాడు. మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో, నేను రెట్టించలేదు. పెద్ద కాడలు మూడూ మొదలంటా కోయించాడు. గోడ బోసిపోయింది. మొదట్లో, మట్టిలోంచి, ఆ వానకి పుట్టిన చిగురు ఒకటి నా భుజం ఎత్తు ఉంది. పచ్చగా, వేలంత లావున. అదొక్కటే మిగిలింది.

"ఇది బతుకుతాది. పడుకోబెట్టాల. బేగి సెయ్యాల, ముదిరితే ఒంగదు."

దాన్ని నేను పట్టుకుంటే, ఆయన కొంచెమే వంచి మొదటి మేకుకి కట్టాడు. వేలు దూర్చి చూశాడు. అప్పుడు ఎన్నడూ లేనిది, "నీ సెయ్యి తే," అన్నాడు. నా చూపుడువేలు తీసుకుని తన వేలి పక్కన పెట్టి చూశాడు. ఆయనది కాఫీ కొమ్మలా గరుకుగా, లావుగా ఉంది. నాది సగం కూడా లేదు.

"నాదయితే ఒక ఏలు," అన్నాడు. "నీకయితే రెండు దూరాల."

"నేనెందుకు పెడతాను వేళ్ళు? వచ్చే సంతకి నువ్వొచ్చి కట్టు," అని కసిరాను.

"ఆఁ," అన్నాడు.

మిగిలిన నారని మొలకి చుట్టుకోలేదు. కట్ట కట్టి మేకుకి తగిలించాడు. కోడలు వచ్చి చెయ్యి అందిస్తే లేచాడు. వీధిలోకి పోయాక నేను చూసి, "ఓయ్, నార మర్చిపోయావు!" అని కేకేశాను. వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఒకసారి పైకెత్తి దింపాడు. చెవులు కూడా పోయాయి పాపం అనుకున్నాను.

ఇది జరిగి నాలుగు సంతలు. వారం వారం గుమ్మంలోకి వచ్చి చూడటం, రాలేదని విసుక్కోవడం. మొన్న అల్లం టీ తాగి గ్లాసు కడుగుతుంటే కోడలి మాట గుర్తొచ్చింది. "నీకిచ్చీసి వచ్చినాడు" అంది. వదిలేసి వచ్చినాడు అనలేదు.

గ్లాసు అక్కడే పెట్టి కిందికి వెళ్ళాను. మేకు మీది కట్ట దింపి విప్పాను. ఆయన ఎప్పుడూ నార పొడుగ్గానే తెచ్చి, కట్టేటప్పుడు కొమ్మని బట్టి కోసుకునేవాడు. ఇవి కోసే ఉన్నాయి. అన్నీ ఒక్క కొలత. రెండు కొసలూ, కొత్తవాళ్ళకి మెలి జారిపోకుండా, మడిచి ముడివేసి ఉన్నాయి. ఊపిరందని మనిషి ఎప్పుడు కూర్చుని చేశాడో ఇవన్నీ. ఇంట్లోనే చేసి ఉండాలి, మా గోడ దగ్గరికి రాకముందే.

నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. బకెట్‌లో నీళ్ళు పట్టి నార నానేశాను.

మర్నాడు పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. కొమ్మ ముదిరింది, నిజమే. నెల కిందట ఉన్నంత పచ్చగా లేదు. విరిగితే ఇంక మొదట్లోంచి మరో చిగురు లేదు. రెండు చేతులతో పట్టుకుని, మా ఆయన నిలబడే చోటే నిలబడి, కొద్దికొద్దిగా వంచాను. లోపలెక్కడో టిక్కుమంది. ఆగిపోయాను. పట్టు వదల్లేదు, ముందుకూ పోలేదు. కాసేపటికి కొమ్మే కొంచెం సర్దుకున్నట్టు అనిపించింది. జానెడు వంగింది. ఇవాల్టికి చాలు, సంతకో మెట్టు కదా.

నారని మేకుకి చుట్టి, అడ్డం మెలి తిప్పి, కొమ్మకి చుట్టి ముడి వేశాను. ఒక వేలు పెట్టాను, దూరింది. రెండోది పెట్టాను, దూరలేదు. విప్పాను. మళ్ళీ కట్టాను. మళ్ళీ దూరలేదు. తిట్టుకుంటూ మళ్ళీ విప్పాను. మూడోసారికి రెండూ దూరాయి. అవి బయటికి తీస్తుంటే కొమ్మ కింది వైపు ముల్లు ఒకటి వేలి కణుపులో సగానికి దిగింది.

"అబ్బా!" అన్నాను. వీధంతా వినపడేలా. "అమ్మా... అమ్మో!"

వెనక గదిలో దిగిన అమ్మాయి కాఫీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. నేను వేలు పట్టుకుని, గోడకి జారగిలబడి, నేల మీద కూర్చుని ఉన్నాను. చెంపలు తడిసిపోతున్నాయి. నోట్లోంచి వస్తున్నది నా గొంతేనా అని నాకే అనుమానంగా ఉంది.

"ఏమైంది ఆంటీ? అయ్యో, రక్తం! నొప్పిగా ఉందా?"

"ఉంది," అన్నాను.

"ఉండండి, బ్యాండెయిడ్ తెస్తాను, ఇట్టే తగ్గిపోతుంది."

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనీయమ్మా. ఇప్పుడే కదా వచ్చింది," అన్నాను.